పేరు రాసిన కవర్లు

మొన్న గజపతినగరంలో నా క్లినిక్‌కి బట్టల కొట్టాయన తన కుక్కను చంకలో పెట్టుకొని వచ్చాడు. అది ఇదివరకొకసారి తప్పిపోయి సంతలో దొరికిందట. మళ్ళీ అలా కాకుండా దానికి చిప్ వేయించాలట. ఫోన్లో ఏదో వీడియో చూసి వచ్చాడు.

"ఏస్తే అదెక్కడున్నా మనకి ఫోన్లో కనబడతాది కదా డాట్రుగారూ?"

కనబడదు మహానుభావా, అందులో ఒక నెంబరు తప్ప ఇంకేమీ ఉండదు, దొరికించుకున్నవాడు చిప్ చదివే రీడరు పెట్టి చూస్తేనే ఆ నెంబరైనా తెలుస్తుంది అని చెప్పేసరికి నా నోరెండిపోయింది. ఆయన కాస్త చల్లబడ్డాడు. కానీ మనసు పెట్టుకొని వచ్చినవాడు ఊరికే వెనక్కి వెళ్ళడు. "అయినా ఏసెయ్యండి, వచ్చాం కదా" అన్నాడు.

వేశాను. వడ్లగింజంత ఉంటుంది ఆ చిప్. లావుపాటి సూదిలో పెట్టి, మెడకు కాస్త దిగువన, రెండు భుజాల మధ్య చర్మం కిందికి దింపడమే. కుక్క ఒకసారి కుయ్యిమంది. కొట్టాయన దానికంటే గట్టిగా కుయ్యిమన్నాడు.

"దీనివల్ల తరవాతేటీ అవదు కదా?"

అందరూ అడిగే మాటే. కుక్కల్లో ఏదైనా అవడం చాలా అరుదు, భయపడకండి అన్నాను. అక్కడితో ఆపెయ్యొచ్చు, బయట ఇంకా రెండు మేకలూ ఒక గేదెదూడా ఎదురు చూస్తున్నాయి. ఆపలేదు. ఆయన చెయ్యి పట్టుకొని, చూపుడువేలూ నడిమివేలూ కుక్క వీపు మీద పెట్టించాను. నెలకోసారి ఇలా తడిమి చూస్తూ ఉండండి అన్నాను.

"ఏటి సూడాలి?"

"ఏటీ లేదని సూడాలి."

అనేశాక నాకే తట్టింది. ఆ మాట నాది కాదు. ఆ మాట రోజూ అన్న మనిషి పోయి ఏడాది దాటింది. కొట్టాయన వెళ్ళిపోయాక మేకల్ని కాసేపు ఆగమని చెప్పి కుర్చీలో కూలబడ్డాను.

ఆవిడ పేరు చెప్పను. చెబితే ఆవిడే ఊరుకోదు. మేమందరం డాక్టరమ్మ అనేవాళ్ళం. నాలాగే పశువుల డాక్టరు, కాకపోతే చచ్చిపోయిన జంతువుల్ని కోసి, ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, ఎందుకు చచ్చిపోయాయో చెప్పే డాక్టరు. శ్రీకాకుళం వెళ్ళే హైవే పక్కన ఒక పరీక్షా కేంద్రం ఉండేది. కొత్త మందు మనిషి నోట్లో పడేముందు ఎలుకలకిచ్చి చూడటం అక్కడి పని. నాకు గవర్నమెంటు ఉద్యోగం రాక, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక అక్కడ చేరాను. డాక్టరమ్మ మాకందరికీ పైన ఉండేది. అప్పటికే తల సగం నెరిసింది.

ఆవిడ విజయనగరం నుంచి రోజూ కంపెనీ బస్సులో వచ్చేది. డ్రైవరు వెనక సీటు ఆవిడది. భోగాపురం దగ్గర ఎయిర్‌పోర్టు పనుల లారీల వెనక బస్సు ఇరుక్కుపోయి, దుమ్ములో అందరం దగ్గుతూ ఉంటే, పమిట ముక్కుకి అడ్డం పెట్టుకొని, "అక్కడ ఇమానం ఎగిరేలోపల ఇక్కడ మన పానం ఎగిరిపోతాది" అనేది. నవ్వించడానికి కాదు. నిజంగానే అలిసిపోయి అనేది. మేం నవ్వేవాళ్ళం.

నాన్నగారు వయొలిన్ పాఠాలు చెప్పేవారట. ఆ విద్య చెల్లెలికి వచ్చింది, ఈవిడకి రాలేదు. "మా నాన్న నా సేతికి ఫిడేలిచ్చాడు. దాని పొట్టలో ఏటున్నాదో సూద్దామని ఇప్పేశాను. అప్పుడే తెలిసిపోయింది ఆయనకి, ఇది కోతల పనికే పనికొస్తాదని" అనేది. రాలేదన్న మాటేగానీ, మైక్రోస్కోపు మీద వంగిందంటే గొంతులోంచి సన్నగా ఒక రాగం మొదలయ్యేది. మాటలుండవు. ఎప్పుడూ అదే రాగం. ఏ రాగమో ఇప్పటికీ నాకు తెలియదు, సంగీతంలో మనది శూన్యం. కానీ అది ఆగిపోతే మాత్రం గదిలో ప్రతివాడికీ తెలిసేది. ఆగిందంటే అద్దం కింద చెడ్డదేదో కనబడిందన్నమాట. చేస్తున్న పని ఆపి అందరం ఆవిడ వైపు చూసేవాళ్ళం.

హైదరాబాదు నుంచి వచ్చే పెద్దలతో పుస్తకం చదివినట్టు మాట్లాడేది. కోపమొస్తే మాత్రం విజయనగరం దిగిపోయేది. ఆవిడ నోట 'ఏటి' అన్న మాట వినబడగానే మా మేనేజరు కుర్చీలో సర్దుకొని కూర్చునేవాడు.

ఇక ఆ రెండు వేళ్ళు. గోళ్ళు మాంసం దాకా కత్తిరించుకునేది. ఎదురుగా ఏ ప్రాణి వచ్చినా, పలకరింపు అయ్యీ అవకముందే, ఆ రెండు వేళ్ళూ దాని వీపు మీద ఉండేవి. ఎలుకయినా సరే, కేంటీన్లో వడ్డించే అమ్మాయయినా సరే. ఒకసారి బస్సు డ్రైవరు వీపు తడిమితే అతను ఎగిరిపడి, "నాను ఎలకని కాదమ్మా!" అన్నాడు. "తెలుసురా. ఎలకయితే ఈపాటికి నెంబరుండేది. ఏటీ లేదని సూస్తన్నాను, అంతే. ఏదో ఉన్నాదని సూడ్డం అందరూ సేస్తారు" అంది.

నేను చేరిన కొత్తల్లోనే చెవులు కుట్టే రోజు వచ్చింది. చెవులు కుట్టడం అన్నది డాక్టరమ్మ పెట్టిన పేరు. ఒకే రంగు, ఒకే ఈడు తెల్ల ఎలుకలు పెట్టెలకు పెట్టెలు దిగుతాయి. ఏది ఏదో తెలియాలంటే గుర్తుండాలి. గోళ్ళు కత్తిరించుకునే కట్టరు లాంటి పనిముట్టుతో చెవికి కన్నం వేస్తాం. ఏ చెవికి, ఏ పక్కన వేశామన్నదాన్ని బట్టి దాని నెంబరు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు వెయ్యాలి. నేను గ్లవ్స్ తొడుక్కొని, ఒక ఎలుకను పట్టుకొని, పోలీసులా బల్ల పక్కన నిలబడ్డాను.

"నిలబడితే ఎలాగరా? సెవులు కుట్టినప్పుడు పిల్లని మేనమావ ఒళ్ళో కూకోబెట్టుకోడా? కూకో. ఈటన్నిటికీ నువ్వే మావవి."

గదంతా నవ్వింది. నేను స్టూలు లాక్కొని కూర్చొని ఎలుకను ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ రోజుతో నాకు అమ్మానాన్నా పెట్టిన పేరు పోయి మావ మిగిలింది. ఒకసారి మేనేజరు కూడా నోరుజారి "మావగారూ, ఆ రిపోర్టు..." అన్నాడు.

పని అయ్యాక డాక్టరమ్మ తన సంచీలోంచి స్టీలు డబ్బా తీసింది. అందులో బెల్లం ముక్కలూ వేయించిన శనగపప్పూ ఉన్నాయి. "సెవులు కుట్టించుకున్నోళ్ళకి నోరు తీపి సెయ్యాలి. ఈటికి పెడదామంటే రూలొప్పదు. ఈటి తరఫున మావ తినాలి" అంది. తిన్నాను. ఇంకోటి పెట్టింది. అదీ తిన్నాను. పెళ్ళివారింట్లోలా బలవంతం చేసి పెట్టింది. తను మాత్రం ఒక్క పలుకు ముట్టలేదు. కుళాయి దగ్గరికి పోయి చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది.

"ఆ టిక్కుమన్న సప్పుడు నా పళ్ళల్లో తగుల్తాదిరా" అంది వెనక్కి వచ్చి.

దానికి తోడు ఆ చెవులు నిలబడేవి కావు. మగ ఎలుకలు కొట్టుకొని చెవులు చింపుకునేవి. చిరిగిన చెవి ఏ నెంబరుదో ఎవరు చెప్పాలి? ఒకసారి రెండు ఎలుకలు తారుమారయ్యాయి. బయటినుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు మమ్మల్ని ఉతికి ఆరేశారు. అప్పటినుంచి మా అందరికీ ఎలుకల గుర్తులు పోతాయేమోనన్న భయం జ్వరంలా పట్టుకుంది.

ఆ రోజుల్లోనే డాక్టరమ్మ చిప్పుల మాట ఎత్తింది. ఒక్క సూదిపోటు, ఆ తర్వాత బతికినంత కాలం ఆ ఎలుకకు గుర్తు కోసం మళ్ళీ గాయం చెయ్యక్కర్లేదు. వద్దన్నవాళ్ళందరితోనూ మీటింగుల్లో పోట్లాడింది. పుస్తకం తెలుగులో మొదలుపెట్టి విజయనగరంలో ముగించింది. చివరికి ఒప్పుకున్నారు. చిప్పులు వచ్చిన రోజు ఆకుపచ్చ నేత చీర కొత్తది కట్టుకొని వచ్చింది. రీడరు పెట్టగానే అది 'టుయ్'మని నెంబరు చూపిస్తే, చిన్నపిల్లలా ఇంకోసారి, ఇంకోసారి అని పెట్టించి చూసింది. బెల్లం ఆ రోజు అందరికీ పెట్టింది, తనూ తింది. ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేను చూసింది అదొక్కసారే.

చిప్పులతో పాటు మాకో కొత్త అలవాటు వచ్చింది. ఎలుక చచ్చిపోతే, కోసి చూడకముందే, అన్నిటికంటే ముందు, చిప్పున్న చోట చర్మాన్ని కింది కండతో సహా కాస్త విశాలంగానే కోసి తియ్యడం. చిప్ జారిపోకుండా అన్నమాట. దాన్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, కుళ్ళకుండా ఉంచే మందునీళ్ళు పోసి, నెంబరు రాసి, సీలు చేసి, ఆ ఎలుక అవయవాలున్న సీసా మెడకు కట్టేవాళ్ళం. రేపు ఎవడైనా వచ్చి ఈ గుండె ఏ ఎలుకదని అడిగితే రీడరు పెట్టి చూపించడానికి. కుర్రాళ్ళు వాటికి ఆధార్ కవర్లని పేరు పెట్టారు. అది గుర్తింపు కార్డు, శరీరం కాదు. గుర్తింపు కార్డులో రోగం వెతికేవాడెవడుంటాడు?

అప్పుడు మొదలైన పరీక్ష పెద్దది. ఎలుక పుట్టి పెరిగి ముసలిదై పోయేదాకా మందు ఇస్తూనే ఉండాలి. ఆ మందు వల్ల కాన్సరు వస్తుందో రాదో తేల్చడానికి. సగం ఎలుకలకి మందు, సగానికి ఏమీ లేదు. మందు ఇవ్వనివాటిని ఉత్త ఎలుకలు అనేవాళ్ళం. ఎలుకలు ముసలివయ్యాయి, మేమూ అయ్యాం. ఒకే కారిడారు, ఒకే వాసన, బట్టలకు అంటుకొని ఇంటిదాకా వచ్చే ఆ వాసన. నా పెళ్ళిచూపుల్లో ఒకావిడ ముక్కు ఎగబీల్చింది కూడా. పొద్దున బస్సెక్కితే ఎందుకెక్కానా అని ఉండేది, సాయంత్రం ఎక్కితే నిద్ర వచ్చేది.

డాక్టరమ్మకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం భోజనం చేశాక ఎలుకల గదిలో ఒక బకెట్టు బోర్లించుకొని కూర్చునేది. ఆవిడ పని మైక్రోస్కోపు దగ్గర, ఇక్కడ కాదు. అయినా వచ్చేది. ఒక్కో ఎలుకను చేతిలోకి తీసుకొని వీపు మీద రెండు వేళ్ళు పెట్టి, మళ్ళీ గూట్లో పెట్టేసేది. గొంతులో ఆ రాగం నడుస్తూ ఉండేది.

ఒక మధ్యాహ్నం అది ఆగిపోయింది. ఎదురుగా మైక్రోస్కోపు లేదు. ఒక ముసలి మగ ఎలుక ఉంది, అదీ ఉత్త ఎలుక.

"మావా, ఇలా రా. ఏళ్ళెట్టు."

పెట్టాను. చర్మం కింద గట్టిగా తగిలింది. "చిప్పే కదమ్మా" అన్నాను. నేనే కాదు, వారం వారం గడ్డలున్నాయేమోనని తడిమి చూసే కుర్రాళ్ళు కూడా అక్కడ గట్టిగా తగిలితే చిప్పేనని వదిలేసేవారు. అక్కడ గట్టిగా తగలాలి కదా, మనం పెట్టిందే కదా.

"సిప్పు ఏలి కింద జారుతాది. ఇది జారట్లేదు సూడు."

మళ్ళీ చూశాను. జారలేదు. కండకు అతుక్కొని ఉంది. ఆవిడ ఆ ఎలుకను మళ్ళీ గూట్లో పెట్టలేదు. తర్వాత నాకంటే తనకే చెప్పుకుంటున్నట్టు, "మరి ఇదివరకు సచ్చిపోయినవో?" అంది.

ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. తర్వాత తట్టింది. చచ్చిపోయిన ప్రతి ఎలుకకీ మేం మొదట కోసి తీసిన ముక్క అదే. ఆవిడ బల్ల మీదకి ఆ చోటు లేకుండానే వచ్చేవి.

క్వాలిటీ ఆఫీసుకి ఫోను చేసి అనుమతి తీసుకుంది, వాళ్ళ మనిషినొకణ్ణి సాక్షిగా రప్పించింది. సీసాల గదిలో నేను నసిగాను. "అమ్మా, అవి ఆధార్ కవర్లు. సీలు విప్పితే రేపు తనిఖీవాళ్ళు..."

"పేరు రాసున్నాది కదాని ఎవ్వలూ తెరవలేదురా ఇన్నాళ్ళూ. పేరు రాసున్నదాన్నే ముందు తెరవాలి. తే."

ఒక్కొక్కటీ కత్తిరించి ఇచ్చాను. ఆవిడ పళ్ళెంలో వేసి చిమటాతో తిప్పి చూసింది. చాలావాటిలో ఉత్త చర్మం ముక్కా, చిప్పూ, అంతే. నా ప్రాణం కాస్త కుదుటపడుతూ ఉండగా ఒకటి వచ్చింది. చిప్ చుట్టూ చింతగింజంత తెల్లటి గడ్డ, దాన్ని పట్టుకొని ఉంది. ఆవిడ దాన్ని పక్కన పెట్టి, "ఇంకోటి" అంది. ఆ తర్వాత ఇంకొకటి దొరికింది. మందు ఇచ్చినవాటిలోనూ ఉన్నాయి, ఉత్తవాటిలోనూ ఉన్నాయి.

ఆ ముక్కలు మైక్రోస్కోపు కిందికి వెళ్ళినన్ని రోజులూ ఆ గదిలో రాగం లేదు. కాన్సరేనని తేలింది. మందు మీద నింద లేదు, అది లేనివాటికీ వచ్చింది కాబట్టి. నింద చిప్ మీద ఉంది. ఆ చిప్‌ను పోట్లాడి తెచ్చింది ఎవరో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం బస్సులో ఆవిడ పక్కన కూర్చున్నాను. బస్సు భోగాపురం దాటింది. "నొప్పి తగ్గుతాదని పెట్టాన్రా దాన్ని" అంది చివరికి, కిటికీ వైపు చూస్తూనే. నాకు ఏడుపొచ్చింది. వాటర్ బాటిల్ ఇచ్చాను. పట్టుకొని కూర్చుంది, తాగలేదు.

మేనేజరు చెడ్డవాడేమీ కాదు. ఆయనా అలిసిపోయినవాడే. మమ్మల్ని గదిలోకి పిలిచి, టీ తెప్పించి, మెల్లగా మొదలుపెట్టాడు.

"అమ్మా, ఉత్త ఎలుకల్లోనూ ఉందంటే మందు తప్పు కాదని తేలిపోయినట్టే కదా. మరి దీన్నంత విడమరిచి రాయడం ఎందుకు? గుచ్చిన చోట వాపు అని ఒక ముక్క రాసేస్తే సరిపోతుంది. కాన్సరు అన్న మాట పడితే పరీక్ష మొత్తం మీద ప్రశ్నలొస్తాయి. ఇంకో మాట, ఏమీ అనుకోకండి. చిప్పులు కావాలని సంతకం పెట్టింది మీరు. రేపు అడిగితే మిమ్మల్నే అడుగుతారు. రిటైరయ్యే ముందు ఎందుకమ్మా మీకీ తలనొప్పి?"

డాక్టరమ్మ టీ కప్పు పక్కకు జరిపింది. "వాపు వేరు, కాన్సరు వేరు" అంది పుస్తకం తెలుగులో. మేనేజరు ఏదో అనబోయాడు. ఆవిడ తలెత్తింది.

"ఇది రాయకపోతే ఏటవుతాదో తెలుసా బాబూ? రేపు ఇంకోసోట ఇవే సిప్పులు ఏస్తారు. గడ్డ కనబడితే అది మందు వల్లేననుకొని మంచి మందుని పాతరేస్తారు. నేదంటే సెడ్డ మందు పట్టుకొచ్చినోడు, అబ్బే సిప్పు వల్లేనండీ అని తప్పించుకుంటాడు. ఏది దేనివల్లో తేలాలా వద్దా? సంతకం నాదే. కాదన్నానా? అందుకే రాత కూడా నాదే అవ్వాలి."

'ఏటి' వినబడినా మేనేజరు ఈసారి కుర్చీ సర్దుకోలేదు. కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. మీ ఇష్టమమ్మా అన్నాడు. ఆవిడ లేచింది. తలుపు దాకా వెళ్ళి, ద్వారబంధం పట్టుకొని ఆగింది. గెలిచిన మనిషిలా లేదు. "మోకాళ్ళురా మావా" అంది. చెయ్యి అందించాను.

రాసింది. కాన్సరు అనే రాసింది. చిప్పున్న చోట అని రాసింది, ఇన్నాళ్ళూ ఎందుకు కనబడలేదో కూడా దాచకుండా రాసింది. ఆకాశం విరిగి మీద పడలేదు. ప్రశ్నలొచ్చాయి, ఒక్కోదానికీ ఓపిగ్గా జవాబులిచ్చింది. ఆ తర్వాత మీటింగులకు ఆవిడను పిలవడం తగ్గింది, అంతే. అలా పక్కన పెట్టడం మనవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. చిప్పులు మానేశారు. చెవి కట్టరు బీరువాలోంచి మళ్ళీ బయటికొచ్చింది.

కొత్త ఎలుకలు దిగిన రోజు, ఆ పని కుర్రాళ్ళకు చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. తనే కట్టరు తీసుకుంది. నేను స్టూలు మీద కూర్చొని ఒక్కోదాన్నీ ఒళ్ళో పెట్టుకున్నాను. టిక్కు, ఇంకో టిక్కు. ఎవరూ నవ్వలేదు. మావా అని కూడా పిలవలేదు ఆ పూట. అయిపోయాక స్టీలు డబ్బా కోసం చూశాను. లేదు.

"అమ్మా, బెల్లం?"

"ఏ మొకం పెట్టుకొని పెట్టమంటావురా?"

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు. "మీరు మంచికని తెచ్చారు, చెడు కనబడితే మీరే చెప్పారు. ఇంకేం చెయ్యాలమ్మా మనిషి? నెత్తి బద్దలు కొట్టుకోవాలా?" అని అందరి ముందూ అరిచాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. ఆ ఆదివారం రాజాం వెళ్ళినప్పుడు మంచి బెల్లం కొనుక్కొచ్చి సోమవారం ఆవిడ బల్ల మీద పెట్టాను. చీమలు పట్టాయి. నేనూ తినలేదు, ఆవిడా తినలేదు.

రిటైరయిన రోజున శాలువా కప్పి పంపించారు ఆవిడను. నాకూ ఆ వాసన మీద, ఆ బస్సు మీద మనసు విరిగిపోయి మానేశాను. గజపతినగరంలో ఈ క్లినిక్ పెట్టుకున్నాను. విజయనగరం వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఇంటికి వెళ్ళేవాణ్ణి. చెల్లెలి దగ్గర ఉండేది. ముందు గదిలో పిల్లలు వయొలిన్ మీద సరళీ స్వరాలు కోస్తూ ఉండేవాళ్ళు. ఆవిడ వెనక గదిలో మంచం మీద కూర్చొని, "ఆ మూడోవాడు తప్పు వాయిస్తన్నాడు" అనేది. సంగీతం రానావిడే!

ఆఖరిసారి వెళ్ళినప్పుడు మనిషి సగమైపోయింది. గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదని ఛాతీలో పేస్‌మేకరు పెట్టారు.

"నాకూ ఏసేశార్రా సిప్పు" అంది నన్ను చూడగానే. దిండు కింది నుంచి కార్డు తీసి చూపించింది. "సూశావా, నెంబరు. ఆస్పత్రికెళ్తే మిషనెట్టి సదువుతారు. టుయ్‌మనదు గానీ, మిగతాదంతా అంతే."

నా చెయ్యి పట్టుకొని కంఠం ఎముక కిందికి లాక్కుంది. "సూడు."

"అమ్మా, నేను పశువుల డాక్టర్ని."

"నేను మరేటి?"

రెండు వేళ్ళూ పెట్టాను. పల్చటి చర్మం కింద మిషను అంచు తగిలింది. దాని కింద ఆవిడ గుండె. చుట్టూ తడిమాను, ఆవిడ నేర్పినట్టే, తొందరపడకుండా.

"ఏటైనా ఉన్నాదా?"

"ఏటీ లేదమ్మా."

"జారుతందా?"

"దీన్ని జారకుండా కుట్టేస్తారమ్మా."

"అయితే తెలవదన్నమాట" అని నవ్వింది. నేను తెచ్చిన బెల్లం పొట్లం చూసి, "సుగరురా నాకు. నా తరఫున నువ్వు తిను" అంది. చెల్లెలు గుమ్మంలో నిలబడి వింతగా చూస్తూ ఉండగా, ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చొని, ముక్క తర్వాత ముక్క తిన్నాను. ఆవిడ కళ్ళు మూసుకొని, గొంతులోంచి ఆ రాగం తీసింది. చాన్నాళ్ళకు విన్నాను దాన్ని.

కొన్నాళ్ళకు పొద్దున్నే చెల్లెలు ఆస్పత్రి నుంచి ఫోను చేసింది. నిద్రలోనే ఆగిపోయిందట గుండె. నేను వెళ్ళేసరికి ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. దహనం చేసేముందు ఆ మిషను తీసెయ్యాలట. మంటల్లో పేలుతుందట. తీశారు. కుట్లు వేశారు. ఒక నర్సు వచ్చి చెల్లెలి చేతిలో చిన్న ప్లాస్టిక్ కవరు పెట్టింది. చెల్లెలు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది నేనేటి సేసుకోను బాబూ, నువ్వే ఉంచు" అని నాకిచ్చేసింది.

సీలు వేసి ఉంది. మీద ఆవిడ పేరూ, వయసూ, ఒక నెంబరూ రాసి ఉన్నాయి. నా చేతులు దాన్ని గుర్తుపట్టాయి.

అవతల వేన్ స్టార్టు చేశారు, బంధువులు ఎక్కుతున్నారు. జేబులో పెట్టుకొని నేనూ ఎక్కెయ్యాలి. ఎక్కలేకపోయాను. ఆస్పత్రి సైకిల్ స్టాండు పక్కకు వెళ్ళి, పళ్ళతో సీలు చింపాను. మిషను అరచేతిలో పడింది. కడిగే ఇచ్చారు. అయినా రెండు వేళ్ళతో పట్టుకొని చుట్టూ తిప్పి చూశాను, అంచులూ, వైరు మొదలూ, వెనకవైపూ. కళ్ళల్లో నీళ్ళు అడ్డం వస్తుంటే తుడుచుకొని మళ్ళీ మొదటినుంచి చూశాను.

చెల్లెలు వెతుక్కుంటూ వచ్చింది. "అందరూ ఎక్కేశారు. ఏటి సూస్తన్నావు బాబూ?"

"ఏటీ లేదని సూస్తన్నానమ్మా" అన్నాను.